కట్ట మీది కన్నీటి కథలు

సంగారెడ్డి, పటాన్‌చెరు పల్లెల్లో కథ చెప్పించడం ఒక మొక్కు. పిల్లాడి జ్వరం తగ్గినా, కొత్త ఇల్లు కట్టినా, ఏళ్లుగా బాకీపడ్డ మొక్కు గుర్తొచ్చినా బైండ్లవాళ్లనో ఒగ్గువాళ్లనో పిలిపించి, ఇంటి ముందు పందిరి వేయించి కథ చెప్పించేవారు. వాటిలో ఎల్లమ్మ కథలో కొడుకు తల్లి తల నరుకుతాడు. మొహర్రం నెల రాగానే అదే ఊరి జనం పీర్ల గుండం చుట్టూ తిరుగుతూ, దాహంతో అల్లాడి బాణం దెబ్బకు ప్రాణం విడిచిన పసివాడి మీద పాట అందుకునేవారు. పెత్రమాస నాడు ఆడవాళ్లు పూలు పేర్చి, నూరుగురు కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న తల్లి కథను చప్పట్ల లయలో పాడుకునేవారు. మేలు కోరి చేసే పనుల్లో ఇంత నెత్తురు, ఇంత ఏడుపు ఎలా చోటు చేసుకున్నాయి? వినేవాళ్లకు అందులో అందం, ఊరట ఎక్కడ దొరికాయి? మెతుకుసీమ అని పిలిచే మెదక్ ప్రాంతపు కథల చరిత్రంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

చెరువుల నేల

ఈ కథలన్నీ ఇక్కడే పుట్టి పెరిగినవి కావు, ఇక్కడికి చేరినవే ఎక్కువ. కానీ అవి వేళ్లూనుకున్న నేలకు ఒక ప్రత్యేకత ఉంది. పటాన్‌చెరు పాత పేరు పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుల కాలపు శాసనాల్లో ఈ పేరు కనిపిస్తుంది. కన్నడంలో కెరె అంటే చెరువు. పేరు మారినా చెరువు మాత్రం ఊరి పేరును వదల్లేదు. అప్పట్లో ఇది జైనులకు పెద్ద కేంద్రం. ఇక్కడ దొరికిన జైన శిల్పాలు హైదరాబాద్ మ్యూజియంలో ఉన్నాయి. పడమటి వైపు జహీరాబాద్, నారాయణఖేడ్‌ల నల్లరేగడి, మధ్యలో మంజీర, దానిలో కలిసే నక్కవాగు, మిగతాదంతా వాన మీదా గొలుసుకట్టు చెరువుల మీదా ఆధారపడిన సేద్యం. కట్ట నిలిస్తే మెతుకు, తెగితే వలస. పాత మెదక్ జిల్లాకు ప్రధాన కేంద్రంగా ఉన్న సంగారెడ్డి 2016 అక్టోబర్ 11న వేరే జిల్లా అయింది.

ఇక్కడ నిలిచిన దుఃఖకథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. అన్నింటిలోనూ ప్రాణం నీటితో ముడిపడి ఉంటుంది. ఎల్లమ్మ కష్టం నీళ్లకు వెళ్లిన చోట మొదలవుతుంది. మొహర్రం పాటల్లోని కర్బలా వీరులు నది కంటికి కనబడుతుండగానే దాహంతో పోతారు. బతుకమ్మ చివరికి చెరువు చేరుతుంది. చెరువు నిండుతుందా, ఎండుతుందా అని ఏటా ఎదురుచూసే జనానికి ఈ కథలు పరాయివి అనిపించకపోవడానికి ఇదొక కారణం.

పండితుల శోకం

దుఃఖం అందంగా మారడం గురించి సంస్కృత సాహిత్యం మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. వేటగాడి బాణానికి క్రౌంచపక్షి కూలినప్పుడు వాల్మీకి శోకమే శ్లోకమైందని రామాయణం చెబుతుంది. నాట్యశాస్త్రం కరుణను రసాల్లో ఒకటిగా లెక్కించింది. భవభూతి ఉత్తరరామచరితంలో ఒక పాత్ర చేత, ఉన్న రసం కరుణ ఒక్కటేననీ మిగతావి దాని రూపాంతరాలేననీ అనిపించాడు. అయితే ఈ సంప్రదాయానికి ఒక కట్టుబాటు ఉంది. నాయకుడి చావును రంగం మీద చూపకూడదు, నాటకం మంగళంతో ముగియాలి.

ఆ సంప్రదాయానికి మెతుకుసీమ గొప్ప వ్యాఖ్యాతను ఇచ్చింది. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం. అది నేటి మెదక్ జిల్లా కొల్చారం. రఘువంశం ఎనిమిదో సర్గలో ఇందుమతి కోసం అజుడి విలాపం, కుమారసంభవం నాలుగో సర్గలో బూడిదైన మన్మథుడి కోసం రతి విలాపం సంస్కృతంలో పేరుమోసిన ఏడుపులు. వాటిలోని ఒక్కో మాటనూ విప్పి, అన్వయం చెప్పి, సమాసం విడదీసి చూపించింది ఈ నేలకు చెందిన పండితుడే. ఏడుపును కూడా ఓపికగా, పదం పదం చదివి ఆనందించవచ్చని ఆయన వ్యాఖ్య తరతరాల విద్యార్థులకు నేర్పింది.

పదహారో శతాబ్దంలో పటాన్‌చెరుకు తెలుగు కావ్య చరిత్రలోనూ చోటు దక్కింది. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో ప్రముఖుడైన అమీన్‌ఖాన్ ఇక్కడే ఉండేవాడు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెనుగులో రాసిన తొలి కావ్యంగా పేరుపొందిన యయాతి చరిత్రను ఆయనకే అంకితం ఇచ్చాడు. మామ శాపంతో ముసలివాడైన రాజు తన ముసలితనాన్ని కొడుకు మీద పెట్టి, వాడి వయసును తాను తీసుకున్న కథ అది. లోపల ఉన్నది చేదే, పైన మాత్రం శృంగారం, వర్ణన. కొలువుకూటంలో దుఃఖానికి పట్టుబట్ట కప్పి తెచ్చేవారు. ఏ ముసుగూ లేకుండా తల తెగే కథను చెప్పే బాధ్యత ఊరి చివరి వాడలకు మిగిలింది.

ఎల్లమ్మ తల

తెలంగాణ పల్లెల్లో ఎల్లమ్మ కథ చెప్పే హక్కు బైండ్లవాళ్లది. వాళ్లను బవనీలు అని కూడా అంటారు. మాదిగలకు వీళ్లు ఆశ్రిత పూజారులు. కల్లుగీసే గౌడులకు ఎల్లమ్మ కులదైవం కాబట్టి వాళ్ల ఇళ్లలోనూ కొలుపులు చేసేవారు. కురుమల ఆశ్రితులైన ఒగ్గువాళ్లకు మల్లన్న, బీరప్ప కథలు ముఖ్యమైనా, ఎల్లమ్మ కథ వాళ్లకూ ఉంది. మాదిగల ఆశ్రితులే అయిన చిందువాళ్లు దానినే ఆటగా ఆడతారు. చిందు ఆటను దేశమంతటికీ పరిచయం చేసిన నిజామాబాద్ జిల్లా కళాకారిణి చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. ఎల్లమ్మ వేషం ఆమెకు పేరు తెచ్చిన వేషాల్లో ఒకటి.

బైండ్ల కథకుడి చేతిలో ఉండే వాద్యం జమిడిక. ఒక వైపు తోలు మూసిన ఇత్తడి పాత్ర, ఆ తోలు నడుమ నుంచి వచ్చే తీగ. పాత్రను చంకలో ఇరికించుకుని తీగను బిగిస్తూ, వదులుతూ మీటితే మనిషి గొంతు మూలిగినట్టు, వాపోయినట్టు ధ్వని వస్తుంది. కథ మొదలు కాకముందే ఆ వాద్యం ఏడుపును సిద్ధం చేసి పెడుతుంది.

కథకు ముందు పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి, నల్ల పొడి వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద గళ్లు, కోటలు, దేవత బొమ్మ గీస్తారు. గంటల తరబడి ఒంగి చేసే పని. గీత వంకర పోకూడదు, రంగు పక్క గడిలోకి చిందకూడదు. ఇంత నాజూకుగా వేసిన బొమ్మ ముందు కూర్చునే జనం తెల్లవార్లూ తల నరికే కథ వింటారు. కథ పూర్తయ్యాక ఆ పట్నం మీదే నడిచి దాన్ని చెరిపేస్తారు. మిగిలిన పసుపును బండారిగా నుదుట పెట్టుకుని ఇంటికి తీసుకుపోతారు.

కథలో ఎల్లమ్మ జమదగ్ని భార్య రేణుక. పాతివ్రత్య మహిమతో ఆమె రోజూ ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకుని నీళ్లు తెస్తుంది. ఒకనాడు నీటిలో జలకాలాడుతున్న గంధర్వుడిని చూసి క్షణం పాటు మనసు చెదురుతుంది. కుండ కట్టడం రాదు, ఇసుక ఇసుకగానే ఉండిపోతుంది. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన భార్యను చంపమని ముని కొడుకులను ఆజ్ఞాపిస్తాడు. పెద్దవాళ్లు తలవంచరు, శాపానికి గురవుతారు. చిన్నవాడు పరశురాముడు గొడ్డలి ఎత్తుతాడు. మహాభారతంలోని అరణ్యపర్వంలో ఈ కథ ఇంతవరకే ఉంది. తండ్రి వరమిస్తాడు, తల్లి బతుకుతుంది, జరిగింది ఆమెకు గుర్తుండదు.

పల్లెకథ ఇక్కడితో ఆగదు. కొడుకు తరుముతుంటే ఎల్లమ్మ పరుగెత్తి మాదిగవాడలో మాతంగి ఇంట్లో దాక్కుంటుంది. అడ్డు వచ్చిన మాతంగి తల కూడా తెగుతుంది. వరం దొరికి తలలు అతికించే తొందరలో ఒకరి తల ఇంకొకరి మొండేనికి చేరుతుంది. అలా లేచిన దేవతలో బ్రాహ్మణ స్త్రీ ముఖం ఉంటుంది, మాదిగ స్త్రీ శరీరం ఉంటుంది. ఊరు రెండుగా విడదీసి పెట్టిన మనుషులను గొడ్డలి ఒకే దేహంగా కలిపింది. రోజూ అంటరానివాళ్లుగా బతికినవాళ్లు ఆ రాత్రి ఆ దేహానికి మొక్కేవారు, అగ్రకులాల ఇళ్లవాళ్లూ మొక్కేవారు. పైగా ఈ కథలో ఎల్లమ్మకు అంతా గుర్తుంటుంది. పురాణం ఆమెకు మరుపు ఇచ్చి ఊరుకుంటే, పల్లె ఆమెకు జ్ఞాపకాన్నీ కోపాన్నీ ఇచ్చి గుడి కట్టింది.

పీర్ల గుండం

హిజ్రీ 61వ సంవత్సరం మొహర్రం పదో రోజు, అంటే క్రీ.శ. 680 అక్టోబర్ 10న, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో మహమ్మద్ ప్రవక్త మనవడు హుసేన్, ఆయన వెంట ఉన్న 72 మంది వీరమరణం పొందారని షియా సంప్రదాయం చెబుతుంది. యూఫ్రటీస్ నది నీటిని మూడు రోజులు వాళ్లకు అందనివ్వలేదు. నీళ్ల కోసం వెళ్లిన అబ్బాస్ చేతులు తెగిపడ్డాయి. ఆరు నెలల పసివాడు అలీ అస్గర్ బాణం దెబ్బకు పోయాడు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు కావడంతో ఈ శోకం రాజ్యపు పండుగ అయింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌లో బాద్షాహీ అషుర్‌ఖానా కట్టించాడు. ఆయన దక్కనీలో మర్సియాలు, అంటే శోకగీతాలు, స్వయంగా రాశాడు. గోల్కొండకు దగ్గరలోనే ఉన్న పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతానికి ఈ ఆచారం తొందరగానే చేరింది.

పల్లెకు వచ్చేసరికి అది పీర్ల పండుగ అయింది. పీర్లంటే చెయ్యి ఆకారంలోనో ఆకు ఆకారంలోనో ఉండే లోహపు జెండాలు. ఏడాదంతా పెట్టెలో పడుకున్న పీరును నెల పొడుపు తర్వాత బయటికి తీసి, కడిగి, దట్టీలు కట్టి, పీర్ల కొట్టంలో నిలబెడతారు. కొట్టం ముందు గుంట తవ్వి నిప్పు వేస్తారు. దాన్నే అలావా అనీ గుండం అనీ పిలుస్తారు. ముజావర్ ముస్లిం అయినా, పీరును ఎత్తుకునేవాళ్లలో, మొక్కుకునేవాళ్లలో, గుండం చుట్టూ తిరిగి పాడేవాళ్లలో హిందువులే ఎక్కువగా ఉన్న ఊళ్లు తెలంగాణలో కోకొల్లలు. దూదేకులు, గొల్లలు, ముదిరాజులు, మాల మాదిగలు అందరూ ఆ పాటకు వంత పాడేవారే.

ఆ పాటల్లో హసన్, హుసేన్‌లు మన ఊరి అన్నదమ్ములైపోయారు. దక్కన్‌లో బాగా నాటుకున్న ఘట్టం ఖాసిం పెళ్లి. హసన్ కొడుకు ఖాసింకు యుద్ధానికి ముందు పెళ్లి జరిగిందనీ, పెళ్లికొడుకు రూపంలోనే కత్తిగాయాలతో పడిపోయాడనీ కథ. అందుకే ఏడో నాటి రాత్రి మెహందీ ఊరేగింపు ఉండేది. పెళ్లి సందడికీ చావు మేళానికీ ఒకే డప్పు, ఒకే అడుగు. మూడుముళ్ల ముచ్చట తీరకుండానే ముండమోసిన ఆడపిల్లలు ఎందరో ఉన్న ఊళ్లలో ఈ ఘట్టం వినగానే కడుపు తరుక్కుపోవడం సహజమే.

పదో నాడు పీర్లను వాగుకో బావికో తీసుకెళ్లి కడిగి, దట్టీలు విప్పి, మళ్లీ పెట్టెలో పెడతారు. దాహంతో పోయిన వీరులకు చివరి మర్యాద నీళ్లే. ఆ రోజు దారి పొడవునా షర్బత్ పంచడం, రొట్టె బెల్లం కలిపి మలీద పంచడం ఆచారం. కథలో ఎవరికైతే గుక్కెడు నీళ్లు దొరకలేదో వారి పేరున వచ్చిన ప్రతి ఒక్కరి గొంతూ తడుపుతారు. చాంద్రమానం లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగే ఈ పండుగ ఒక తరంలో అన్ని కాలాల్లోనూ వస్తుంది. ఎండాకాలంలో వచ్చిన ఏడు ఆ షర్బత్ విలువ వేరు.

పూల కింద కథ

బతుకమ్మను పూల పండుగ అంటారు. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు వరుసలుగా పేర్చి, మీద పసుపు గౌరమ్మను నిలిపి, చుట్టూ తిరుగుతూ పాడతారు. పండుగ పేరు వెనక ఉన్న కథ మాత్రం చావుతోనే మొదలవుతుంది. ధర్మాంగదుడనే రాజుకూ సత్యవతికీ నూరుగురు కొడుకులు పుడతారు, అందరూ యుద్ధంలో చనిపోతారు. రాజ్యం వదిలి అడవి పట్టిన ఆ దంపతులు తపస్సు చేస్తే లక్ష్మి కూతురుగా పుడుతుంది. బిడ్డను చూడవచ్చిన మునులు బతుకు అని దీవిస్తారు. దొర అకృత్యానికి బలైన పిల్లను ఊరి జనం పూలలో నిలిపి బతుకమ్మని వేడుకున్నారనే కథా కొన్ని చోట్ల చెబుతారు. ఏ కథ తీసుకున్నా దీవెనకు ముందు ఒక పూడ్చలేని నష్టం ఉంది.

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు. ఉత్సాహం నడుమ ఒక రోజు మౌనాన్ని కూడా లెక్కలో పెట్టారన్నమాట. పాటల్లో అత్తింటి ఆరళ్లు, పుట్టింటికి పంపని మామ, చెల్లెలిని చూడవచ్చి దారిలో ఆగిపోయిన అన్న కనిపిస్తారు. ఇంట్లో నోరు విప్పలేని కోడలు వాడంతా వినేలా ఆ పాట పాడగలదు. పాట ఆమెది కాదు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరు.

తెగబోయే చెరువు కట్టను నిలపడానికి ఆడపిల్లను బలి ఇచ్చిన కథలు తెలుగునాట చాలా చోట్ల ఉన్నాయి. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన ముసలమ్మ మరణం అలాంటి కథే. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కోసం చిన్నకోడలు నీళ్లలోకి నడిచిపోతుంది. మంగళాంతానికి అలవాటుపడిన తెలుగు కావ్యంలో అది కొత్త. దాదాపు అదే కాలంలో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర నాటకంతో దుఃఖాంతాన్ని రంగం మీదికి తెచ్చాడు. చదువుకున్నవాళ్లు ఇంగ్లీషు ట్రాజెడీ చూసి ఆశ్చర్యపడి ఆ దారి పట్టేనాటికి, కట్ట మీద పాడుకునే ఆడవాళ్లకు చావుతో ముగిసే కథ పాతబడిన విషయం.

సంస్థానం కథలు

దేవతల కథల పక్కనే మనుషుల కథలూ నడిచాయి. పద్దెనిమిదో శతాబ్దంలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ మరాఠా దండును ఎదిరించి, నిజాం చేత రాయ్‌బాగన్ అనే బిరుదు పొందిందని ప్రతీతి. రాయ్‌బాగన్ అంటే ఆడపులి. సంగారెడ్డి పట్టణానికి ఆమె కొడుకు పేరు వచ్చిందని, సదాశివపేటకు సదాశివరెడ్డి పేరు వచ్చిందని స్థానికంగా చెబుతారు. ఊరి పేరు అయిన మనుషులే కథలో వీరులు అయ్యారు. శారద కాండ్లు భుజాన శారద, వేళ్లకు అందెలు, పక్కన బుర్ర వాయించే ఆడమనిషితో ఊరూరా తిరిగి ఇలాంటి కథలు చెప్పేవారు.

ఈ పాటలను పుస్తకాలకెక్కించిన వాళ్లలో ముందు వరుసలో ఉన్నది బిరుదురాజు రామరాజు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యము పేరుతో అచ్చయింది. తెలంగాణ వీరగాథల్లో ఎక్కువ భాగం వీరుడి చావుతోనో, నమ్మినవాళ్ల ద్రోహంతోనో ముగుస్తాయి. గెలిచిన రాజు కథను శాసనం దాచుకుంటుంది. ఓడినవాడు బతికేది పాటలోనే.

ఊరట పుట్టే చోటు

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్, విషాద నాటకం భయాన్నీ జాలినీ రేపి వాటిని శుభ్రపరుస్తుందన్నాడు. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు ఇంకో మాట చెప్పాడు. కావ్యంలోని శోకం ఏ ఒక్కరిదీ కాకుండా అందరిదీ అవుతుంది, అందుకే అది బాధించకుండా రుచిస్తుంది. మెతుకుసీమ కథలకు ఈ రెండు మాటలూ పనికివస్తాయి, కానీ చాలవు. ఇక్కడి ఊరటకు ఇంకొన్ని ఆధారాలు ఉన్నాయి.

మొదటిది, కథ అందరికీ ముందే తెలుసు. ఎల్లమ్మ తల తెగుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. ఏమవుతుందో అన్న బెంగ లేదు కాబట్టి చెవి అంతా ఎలా చెబుతున్నాడన్న దాని మీదే ఉంటుంది. ఈసారి జమిడిక ఎక్కడ ఆగింది, వంతగాడు ఏ మాట అందుకున్నాడు అన్నవి మర్నాడు ఊళ్లో చర్చకు వచ్చే సంగతులు. నిజమైన చావు చెప్పకుండా వస్తుంది. కథలో చావు తన వేళకు, తన రాగంలో వస్తుంది.

రెండోది, కథకుడు ఒంటరివాడు కాడు. అతను ఒక మాట అంటే వంతలు అందుకుంటారు, జనం ఊఁ కొడతారు. ఏడుపు మరీ బరువైనప్పుడు వంతగాడు వెకిలి మాట ఒకటి విసురుతాడు, కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతారు. తర్వాత జమిడిక మళ్లీ మొదలవుతుంది. ఇంట్లో చావు జరిగినప్పుడు ఆడవాళ్లు శోకాలు పెట్టి రాగం తీసి ఏడ్చే అలవాటు ఉన్న ప్రాంతమిది. కథ ఆ ఏడుపుకు ఒక పందిరి, ఒక వేళ, పక్కన పదిమంది తోడు ఇస్తుంది. గణపతి ప్రార్థనతో తెరుచుకున్న దుఃఖం మంగళంతో మూసుకుంటుంది.

మూడోది, చచ్చినవాళ్లు ఎక్కడికీ పోరు. ఎల్లమ్మ గుడిలో ఉంటుంది, హుసేన్ పెట్టెలో నిద్రపోతాడు, బతుకమ్మ వచ్చే ఏడు మళ్లీ పూస్తుంది. వాళ్లను తిట్టవచ్చు, అడగవచ్చు, మొక్కు బాకీపడవచ్చు. మంచివాళ్లకు కష్టం రాదని ఈ కథలు ఎక్కడా చెప్పవు. కష్టపడ్డవాళ్లకు మన గోడు అర్థమవుతుందని మాత్రం చెబుతాయి. పిల్లను పోగొట్టుకున్న తల్లికి అన్నీ బాగున్న దేవత కంటే తల తెగి లేచిన దేవత దగ్గరిది.

బుర్రకథ నుంచి వెండితెరకు

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఈ కథా పద్ధతిని కొత్త పనికి వాడుకుంది. ప్రజానాట్యమండలి బుర్రకథలు చెప్పించింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకానికి 1940లో దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడైన షేక్ బందగీ కథ ఆధారం. చంపినవాడు ఇప్పుడు ముని కొడుకు కాడు, దొర. చనిపోయినవాడు దేవుడు కాడు, అమరుడు. కథ చెప్పే తీరు, వంత అందుకునే తీరు మాత్రం మారలేదు.

అదే పేరుతో గౌతమ్ ఘోష్ తీసిన సినిమా 1980లో విడుదలైంది. నిర్మాతల్లో ఒకరైన బి.నర్సింగరావుది గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్. చిత్రీకరణలో ఎక్కువ భాగం మెదక్ జిల్లా మంగళపర్తి గ్రామంలో జరిగింది. దానికి ఆధారమైన కృషన్ చందర్ ఉర్దూ నవల జబ్ ఖేత్ జాగే, తెల్లవారితే ఉరికంబం ఎక్కాల్సిన ఒక యువరైతు చివరి రాత్రి కథ. సినిమాలోనూ నాయకుడు చనిపోతాడు. అందులో పాట పాడిన గద్దర్‌ది మెదక్ జిల్లా తూప్రాన్. తర్వాతి నాలుగు దశాబ్దాలు, 2023లో కన్నుమూసేదాకా, ఆయన గొంగడి భుజాన వేసుకుని పోయినవాళ్ల పేర్లను పాటలుగా పాడుతూనే ఉన్నాడు. నర్సింగరావు 1988లో తీసిన దాసి ఇంకా నిశ్శబ్దమైన కథ. గడీలో దాసీగా బతికిన ఆడమనిషి గురించి దాదాపు మాటలు లేకుండా చెబుతుంది. అందులో ఏ దేవతా లేవదు. దానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి.

షిఫ్టుల కాలం

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. 1970లలో పారిశ్రామికవాడ మొదలై, తర్వాత బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి దాకా మందుల, రసాయనాల కంపెనీలు విస్తరించాయి. భూములు అమ్ముకున్నవాళ్లు కొందరు, కంపెనీల్లో చేరినవాళ్లు కొందరు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చి గదుల్లో ఉండేవాళ్లు ఎందరో. వ్యవసాయానికి పగలు పని, రాత్రి తీరిక. కంపెనీకి మూడు షిఫ్టులు. తెల్లవార్లూ కథ వినే ఓపిక ఉన్నా, పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండాల్సినవాడికి వీలు లేదు. మూడు నాలుగు రాత్రుల కథ ఒక రాత్రికి, ఒక రాత్రి కథ రెండు మూడు గంటలకు కుంచించుకుపోయింది. ఒగ్గు కథలు రేడియోలో వచ్చాయి, క్యాసెట్లకెక్కాయి, ఆ తర్వాత ఫోన్లలోకి చేరాయి. విన్నప్పుడు ఊఁ కొట్టేవాళ్లు పక్కన లేకుండా పోయారు.

నీళ్లూ మారాయి. కంపెనీల వ్యర్థాలు నక్కవాగులో, చెరువుల్లో కలవడం మీద వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నట్టు ప్రకటించడంతో ఈ ప్రాంతం పేరు ప్రపంచ శాస్త్ర పత్రికలకెక్కింది. పీర్లను కడిగే వాగు, బతుకమ్మను సాగనంపే చెరువు ఆచారానికి పనికొచ్చే నీళ్లుగా మిగలని చోట తొట్లలో, ట్యాంకర్ నీళ్లలో పని కానిచ్చుకోవడం మొదలైంది.

అయినా ఆచారం పూర్తిగా పోలేదు. ఆషాఢంలో కాలనీల్లో ఎల్లమ్మకు, పోచమ్మకు బోనాలు ఎత్తుతారు. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. పీర్ల కొట్టాలు ఊళ్లలో నిలిచే ఉన్నాయి. కథకులు తగ్గారు, నిడివి తగ్గింది, వేదిక మీద మైకు వచ్చింది. వంశవృక్షాలు, దారి వర్ణనలు, దేవతల జాబితాలు ముందు కోతకు గురవుతాయి. ఎంత కోసినా తల తెగే ఘట్టానికి మాత్రం కత్తెర పడదు. అది తీసేస్తే ఎల్లమ్మ ఒక ముని భార్యగానే మిగిలిపోతుంది, ఊరి తల్లి కాలేదు. అలాగే పాటలో నుంచి కర్బలా దాహాన్ని తీసేస్తే షర్బత్ పంచడానికి కారణమే ఉండదు.